ఇంట్లో స్లో కుక్కర్ చిల్లీ, ఒంటికి మేలు చేసేలా: తరచుగా అడిగే ప్రశ్నలు

డాలస్ దగ్గర మా ఊళ్ళో అక్టోబర్ చివర్లో చలిగాలి మొదలవగానే స్లో కుక్కర్, అంటే కరెంటుతో సన్నసెగ మీద గంటల తరబడి వండే కుండ, పై అరలోంచి కిందికి దిగుతుంది. అక్కణ్ణించి మార్చి దాకా వారానికోసారి మా ఇంట్లో చిల్లీ ఉంటుంది. మామగారికి బీపీ, మా ఆయనకి షుగర్ బోర్డర్‌లో ఉంది, మా చిన్నదానికి కారం పడదు. ఒక్క కుండ వంట ఇంటిల్లిపాదికీ సరిపోవాలని ఏడేళ్ళుగా కొలతలు మార్చుకుంటూ వస్తున్నాను. ఇక్కడి స్నేహితులు, గుంటూరులో ఉన్న మా వదిన, హైదరాబాద్‌లో ఉన్న మా చెల్లి ఫోన్లో మళ్ళీ మళ్ళీ అడిగిన ప్రశ్నలన్నీ ఒకచోట పెడుతున్నాను. అన్నీ చదివే తీరిక లేకపోతే రాజ్మా గురించి రాసిన జవాబు ఒక్కటైనా తప్పకుండా చదవండి.

చిల్లీ అంటే చిల్లీ చికెన్ లాంటిదేనా?

కాదు. చైనీస్ హోటళ్ళలో దొరికే చిల్లీ చికెన్‌కీ దీనికీ చుట్టరికం లేదు. ఇది టెక్సాస్ వంట. పూర్తి పేరు చిల్లీ కాన్ కార్నే, స్పానిష్‌లో 'మాంసంతో మిరపకాయ' అని అర్థం. ఎండుమిర్చి ముద్ద, జీలకర్ర, వెల్లుల్లి వేసి మాంసాన్ని సన్నసెగ మీద గంటల తరబడి ఉడికిస్తారు. పులుసు కంటే చిక్కగా, ఇగురు కంటే పల్చగా ఉంటుంది. 19వ శతాబ్దం చివర్లో శాన్ ఆంటోనియో నగరంలోని కూడళ్ళలో మెక్సికన్ ఆడవాళ్ళు పొద్దుగూకే వేళ పొయ్యిలు రాజేసి, బల్లలు వేసి ఇది అమ్మేవారు. వాళ్ళని 'చిల్లీ క్వీన్స్' అనేవారు. 1893లో షికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో శాన్ ఆంటోనియో చిల్లీ దుకాణం పెట్టాక దీని పేరు దేశమంతా పాకింది. 1977లో టెక్సాస్ శాసనసభ దీన్ని రాష్ట్ర వంటకంగా ప్రకటించింది.

జీలకర్ర, ఎండుమిర్చి, వెల్లుల్లి, ఉల్లిపాయ. ఈ నాలుగూ విన్నాక మన వంటింట్లో లేనిది ఏముంది అనిపిస్తుంది. అందుకే మనవాళ్ళకి ఇది ఇంత తొందరగా నచ్చుతుందేమో.

అందులో బీన్స్ వేస్తే టెక్సాస్ వాళ్ళు ఒప్పుకోరట, నిజమేనా?

నిజమే. 1967లో టెర్లింగ్వా అనే ఎడారి ఊళ్ళో చిల్లీ పోటీలు మొదలయ్యాయి. చిల్లీ అప్రిసియేషన్ సొసైటీ ఇంటర్నేషనల్ నడిపే పోటీల్లో కుండలో బీన్స్, అన్నం, పాస్తా వేయకూడదని నియమం ఉంది. ఆ సంప్రదాయం మీద నాకు గౌరవం ఉంది. కానీ నేను పోటీకి వండట్లేదు, ఇంటికి వండుతున్నాను. ఉడికిన రాజ్మా ఒక కప్పులో సుమారు 15 గ్రాముల ప్రొటీన్, 11 గ్రాములకు పైగా పీచు ఉంటాయి. మాంసం సగం తగ్గించి ఆ చోటు బీన్స్‌కి ఇవ్వడమే ఈ వంటలో నేను చేసిన పెద్ద మార్పు. దాన్ని వదులుకోను.

'ఆరోగ్యకరమైన' చిల్లీ అంటే నూనె తగ్గించడమేనా?

నూనె గురించి మనం పడే బెంగలో సగం ఉప్పు గురించి పడితే బాగుండు. మామూలుగా ఇక్కడ చిల్లీ ఎలా చేస్తారంటే, బీన్స్ డబ్బాలు రెండు, టమాటా డబ్బా ఒకటి, చిల్లీ మసాలా ప్యాకెట్ ఒకటి, చికెన్ స్టాక్ (కోడి ఉడికించిన రసం) డబ్బా ఒకటి. ఈ అన్నింట్లోనూ ఉప్పు ముందే ఉంటుంది. మనం చేత్తో చిటికెడు కూడా వేయకుండానే కుండ ఉప్పగా తయారవుతుంది. పెద్దవాళ్ళు రోజుకి 2,000 మిల్లీగ్రాముల సోడియం దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అంటే 5 గ్రాముల ఉప్పు, చెంచాడు లోపే. పచ్చళ్ళు, అప్పడాలు, పొడులు తినే మన ఇళ్ళలో అది ఎప్పుడో దాటిపోతుంది. దాని మీద ఈ డబ్బాలు కూడా చేరితే ఇక చెప్పేదేముంది?

అందుకని నేను చూసుకునేవి మూడు. డబ్బాల్లోంచి వచ్చే ఉప్పు, కీమాలోంచి వచ్చే కొవ్వు, గిన్నెలో బీన్స్‌కీ కూరగాయలకీ దక్కే వాటా. ఇవి సరిగ్గా ఉంటే ఒకటిన్నర టేబుల్ స్పూన్ నూనె గురించి బాధపడక్కర్లేదు.

మీ కొలతలు చెప్పండి.

ఇవి 6 క్వార్ట్‌ల, అంటే దాదాపు 5.7 లీటర్ల స్లో కుక్కర్‌కి. ఎనిమిది మంది తినొచ్చు.

ఎండు రాజ్మా ఒకటిన్నర కప్పు. టర్కీ కోడి కీమా గానీ, చర్మం లేని కోడి కీమా గానీ 450 గ్రాములు. పెద్ద ఉల్లిపాయలు రెండు, క్యాప్సికం రెండు, క్యారెట్ ఒకటి, పుట్టగొడుగులు ఒక గుప్పెడు, అన్నీ సన్నగా తరిగినవి. వెల్లుల్లి ఆరు రెబ్బలు. ఉప్పు కలపని టమాటా డబ్బా 800 గ్రాములది ఒకటి. ఇండియాలో అయితే బాగా పండిన టమాటాలు కిలో తీసుకుని ఉడికించి చిదిమేయండి. టమాటా పేస్ట్ రెండు టేబుల్ స్పూన్లు. ఎర్ర మసూర్ పప్పు పావు కప్పు. నీళ్ళు కప్పున్నర. నూనె ఒకటిన్నర టేబుల్ స్పూన్.

మసాలాకి బ్యాడిగి ఎండుమిర్చి ఎనిమిది, గింజలు దులిపి వేడినీళ్ళలో నానబెట్టి మెత్తగా రుబ్బింది. వేయించి దంచిన జీలకర్ర ఒక టేబుల్ స్పూన్, ధనియాల పొడి ఒక టీస్పూన్, ఒరెగానో రెండు టీస్పూన్లు, స్మోక్డ్ పాప్రికా (పొగ పట్టించిన, కారం తక్కువ మిరప పొడి) ఉంటే ఒక టేబుల్ స్పూన్, తీపి లేని కోకో పొడి ఒక టీస్పూన్, గుంటూరు కారం అర టీస్పూన్. ఉప్పు మొత్తానికి ఒక టీస్పూన్. దించే ముందు ఒక నిమ్మకాయ రసం.

టీస్పూన్ ఉప్పులో సుమారు 2,300 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. ఎనిమిది గిన్నెలకి పంచితే గిన్నెకి 290 దాకా వస్తుంది. మాంసం, కూరగాయల్లో సహజంగా ఉండేది కలిపినా 350 దగ్గర ఆగుతుంది.

అమెరికాలో దొరికే చిల్లీ పౌడర్, మన కారం ఒకటేనా?

ఒకటి కాదు. కొత్తగా వచ్చినవాళ్ళు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. ఇక్కడి వంట పుస్తకంలో 'చిల్లీ పౌడర్ మూడు టేబుల్ స్పూన్లు' అని ఉంటుంది. అది చూసి మన గుంటూరు కారం మూడు టేబుల్ స్పూన్లు వేస్తే ఆ కుండ ఎవరూ ముట్టుకోలేరు. ఇక్కడ ఆ పేరుతో అమ్మేది ఒక మసాలా మిశ్రమం. కారం తక్కువ ఉన్న ఎండుమిర్చి పొడికి జీలకర్ర, ఒరెగానో, వెల్లుల్లి పొడి కలుపుతారు. 1890ల్లో టెక్సాస్‌లోని న్యూ బ్రౌన్‌ఫెల్స్‌లో విలియం గెబార్ట్ అనే జర్మన్ వలసదారు ఇలాంటి పొడి తయారుచేసి అమ్మడం మొదలుపెట్టాడు. కొన్ని కంపెనీల పొడిలో ఉప్పు కూడా ఉంటుంది, కాబట్టి సీసా వెనక్కి తిప్పి చదవండి.

టెక్సాస్ చిల్లీకి రంగూ రుచీ ఇచ్చేది యాంచో అనే ఎండు మిరప. పొబ్లానో కాయని పండనిచ్చి ఎండబెడితే అది యాంచో. కారం తక్కువ, ఎండు ఖర్జూరం లాంటి తియ్యటి వాసన. మన దగ్గర దానికి దగ్గరగా ఉండేది ముడతలు పడిన బ్యాడిగి. రంగు బాగా దిగుతుంది, గొంతు మండదు. తేజ రకం మాత్రం ఈ వంటకి వద్దు. చిల్లీకి కావలసింది నాలుక అదరగొట్టే ఘాటు కాదు, ఎండుమిర్చి రుచి. ఘాటు తక్కువగా ఉంటే ముద్ద ఎక్కువ వేయొచ్చు, ముద్ద ఎక్కువైతే ఉప్పు లోటు కనపడదు. మిరపకాయ రుచిని ఉప్పుకి బదులుగా వాడుకోవచ్చని నాకు ఈ వంటలోనే తెలిసింది.

రాజ్మా రాత్రంతా నానబెట్టి, పొద్దున నేరుగా స్లో కుక్కర్‌లో వేసేయొచ్చా?

వద్దు. దయచేసి వేయకండి.

పచ్చి ఎర్ర రాజ్మాలో ఫైటోహీమాగ్లుటినిన్ అనే పదార్థం ఉంటుంది. సరిగా ఉడకని గింజలు నాలుగైదు తిన్నా చాలు, ఒకటి నుంచి మూడు గంటల్లో వికారం, వాంతులు, తర్వాత విరేచనాలు పట్టుకుంటాయి. నీళ్ళు తెర్లేలా మరిగిస్తే అది నశిస్తుంది. స్లో కుక్కర్‌లో, ముఖ్యంగా 'లో' (తక్కువ సెగ) మీద, కుండ మధ్యలోని వేడి చాలాసేపు అంత దూరం వెళ్ళదు. 80 డిగ్రీల సెల్సియస్ దగ్గరే గింజలు ఉడుకుతూ ఉంటే విషం పోకపోగా పచ్చిగింజల్లో కంటే ఐదు రెట్ల దాకా పెరగవచ్చని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిస్తుంది. గింజ మెత్తబడినట్టే కనిపిస్తుంది. అందుకే ఎవరికీ అనుమానం రాదు.

ఇది పుస్తకంలో చదివి చెప్పడం లేదు. స్లో కుక్కర్ కొన్న మొదటి చలికాలం నేను సరిగ్గా ఈ పనే చేశాను. రాత్రి నానబెట్టిన రాజ్మా పొద్దున కుండలో పోసి 'లో' మీద ఎనిమిది గంటలు పెట్టి ఆఫీసుకి వెళ్ళాను. సాయంత్రం గింజ నొక్కి చూస్తే కాస్త బిరుసుగా ఉంది గానీ ఉడికినట్టే అనిపించింది. ఏడున్నరకి తిన్నాం. పదింటికల్లా ఇంట్లో అందరికీ వాంతులు. అప్పటికి మా పాపకి రెండేళ్ళు. ఆ రాత్రి దాన్ని ఒళ్ళో పెట్టుకుని చెంచాతో నీళ్ళు పట్టిస్తూ కూర్చున్న టెన్షన్ నాకు ఇంకా గుర్తుంది. మాంసం చెడిందనుకున్నాను. కారణం గింజలని తర్వాత తెలిసింది. అందుకే ఎవరు చిల్లీ గురించి అడిగినా ముందు ఈ మాటే చెబుతాను.

చేయాల్సింది తేలికే. రాజ్మాని కనీసం ఐదు గంటలు, కుదిరితే రాత్రంతా నానబెట్టండి. ఆ నీళ్ళు పారబోయండి. మళ్ళీ మంచినీళ్ళు పోసి పొయ్యి మీద తెర్లించండి. విషం పోవడానికి 10 నిమిషాలు చాలు, కానీ భద్రత కోసం 30 నిమిషాలు మరిగించమని ఎఫ్‌డీఏ సలహా. మనకి ఇంకా మంచి దారి ఉంది. ప్రెషర్ కుక్కర్లో వేడి 100 డిగ్రీలు దాటుతుంది. నానిన రాజ్మా నాలుగైదు విజిళ్ళు రానిచ్చి, ఆవిరి దానంతట అదే పోయేదాకా ఆగితే విషమూ ఉండదు, గింజా మెత్తబడుతుంది. వేలితో నొక్కితే వెన్నలా చితకాలి. ఆ తర్వాతే స్లో కుక్కర్లో వేయండి.

గింజ ముందే పూర్తిగా ఉడకాలనడానికి ఇంకో కారణం కూడా ఉంది. టమాటా పులుపు తగిలాక గింజ ఇక సరిగా మెత్తబడదు. చింతపండు పోశాక పప్పు ఉడకదని మన అమ్మమ్మలు అనేవాళ్ళే, అదే సంగతి.

అరకు రాజ్మా వాడొచ్చా?

నిక్షేపంగా. విశాఖ మన్యంలో అరకు, చింతపల్లి వైపు చలికాలంలో రాజ్మా పండిస్తారు. మా చెల్లి అక్కడివే తెచ్చుకుంటుంది. ఏ రాజ్మా అయినా పై జాగ్రత్తలు మాత్రం మారవు. గింజలు పాతవైతే ఒకటి రెండు విజిళ్ళు ఎక్కువ పడతాయి.

డబ్బా బీన్స్ వాడితే తప్పా?

తప్పేం లేదు. డబ్బాలో పెట్టే ముందే వాటిని బాగా ఉడికిస్తారు కాబట్టి విషం భయం లేదు. పని ఉన్న రోజుల్లో నేనూ అవే వాడతాను. 'ఉప్పు కలపనిది' అని రాసి ఉన్న డబ్బా తీసుకోండి. అది దొరక్కపోతే మామూలు డబ్బాలోని జిగురు నీళ్ళు పారబోసి, చిల్లుల గిన్నెలో వేసి కుళాయి కింద కడగండి. ఇలా చేస్తే సోడియం దాదాపు 40 శాతం తగ్గుతుంది.

డబ్బా మీది అంకె చదివేటప్పుడు ఒకటి గమనించండి. అది ఒక సర్వింగ్‌కి రాసిన లెక్క, అంటే అర కప్పుకి. మామూలు 15 ఔన్సుల డబ్బాలో అలాంటివి మూడున్నర దాకా ఉంటాయి. 400 మిల్లీగ్రాములని చూసి ఫర్వాలేదనుకుంటే డబ్బా మొత్తానికి 1,400 అన్నమాట.

టర్కీ కీమా అయితే కొవ్వు తక్కువేనా?

అన్నిసార్లూ కాదు. ప్యాకెట్ మీద 85/15 అని ఉంటే వంద గ్రాముల్లో 15 గ్రాములు కొవ్వే. తొడ మాంసం, చర్మం కలిపి కీమా కొడితే అలా వస్తుంది. 93/7 అని ఉన్నది తీసుకోండి. 99 శాతం లీన్ అని రొమ్ము మాంసంతో చేసింది కూడా ఉంటుంది గానీ, ఆరేడు గంటలు ఉడికితే రంపపు పొట్టులా పొడిపొడిగా అవుతుంది. నాకు అది నచ్చలేదు.

టెక్సాస్‌లో అసలు చిల్లీ గొడ్డు మాంసంతోనే. అది తినేవాళ్ళు 90/10 గానీ 93/7 గానీ కొనుక్కుని ఇవే కొలతలతో చేసుకోవచ్చు. మేకమాంసం కీమాతో కూడా బ్రహ్మాండంగా ఉంటుంది. కొట్టేవాళ్ళతో ముందే కొవ్వు తీయించుకోండి.

కీమా, ఉల్లిపాయలు వేయించకుండా అన్నీ ఒకేసారి పడేస్తే ఏమవుతుంది?

ఉడుకుతుంది, తినొచ్చు. కానీ బాగుండదు. స్లో కుక్కర్లో తేమ ఎక్కువ, వేడి తక్కువ. అందులో ఏదీ ఎర్రగా వేగదు. మాంసం ఎర్రబడినప్పుడు వచ్చే కమ్మదనం పొయ్యి మీద మూకుడులోనే పుట్టాలి. వేయించకుండా చేసిన చిల్లీ చప్పగా అనిపిస్తుంది, అప్పుడు చెయ్యి ఉప్పు డబ్బా మీదికి పోతుంది. ఉప్పు తగ్గాలనుకునేవాళ్ళకి ఈ ఇరవై నిమిషాల పని అందుకే ముఖ్యం.

వెడల్పాటి మూకుడులో అర టేబుల్ స్పూన్ నూనె వేసి కీమాని కదపకుండా పరిచి ఒక పక్క ఎర్రబడనివ్వండి. తర్వాత విడదీసి పచ్చి పోయేదాకా వేయించండి. అడుగున చేరిన కొవ్వుని గరిటెతో తీసేయండి. అదే మూకుడులో మిగతా నూనె వేసి ఉల్లి, క్యాప్సికం, పుట్టగొడుగులు వేయించి, చివర్లో వెల్లుల్లి, టమాటా పేస్ట్, మిర్చి ముద్ద, పొడులు వేసి నూనె తేలేదాకా ఉంచండి. మనం కూరలకి మసాలా వేయించినట్టే. అరకప్పు నీళ్ళు పోసి, మూకుడుకి అంటుకున్నదంతా గీకి కుండలో పోసేయండి. ఉప్పు, నిమ్మరసం తప్ప మిగతావన్నీ కూడా అందులోనే వేయండి. రుచి అంతా ఆ అడుగున ఉన్నదాంట్లోనే ఉంది.

ఫ్రీజర్‌లోంచి తీసిన గడ్డ మాంసాన్ని నేరుగా స్లో కుక్కర్లో వేయకూడదు. నెమ్మదిగా కరుగుతూ క్రిములు పెరిగే వేడిలోనే చాలాసేపు ఉండిపోతుంది. ముందు రోజు రాత్రి ఫ్రిజ్‌లోకి మార్చుకోండి.

మేం శాకాహారులం. మా సంగతేంటి?

మాంసం బదులు మీల్ మేకర్ వాడండి. ఎండు మీల్ మేకర్ బరువులో సగం దాకా ప్రొటీనే. కప్పున్నర మీల్ మేకర్ వేడినీళ్ళలో పది నిమిషాలు ఉంచి, గట్టిగా పిండి, మిక్సీలో ఒక్క తిప్పు తిప్పితే కీమాలా అవుతుంది. దాన్ని కూడా మూకుడులో ఎర్రగా వేయించండి, లేకపోతే సోయా వాసన వస్తుంది. పుట్టగొడుగులు రెట్టింపు చేయండి. మసూర్ పప్పు అర కప్పుకి పెంచితే నీళ్ళూ అర కప్పు పెంచాలి. మా ఇంట్లో కార్తీక మాసమంతా ఇదే చిల్లీ. మాంసం లేదన్న లోటు తెలియలేదని మా అత్తగారే అన్నారు.

'లో' మీద పెట్టాలా, 'హై' మీద పెట్టాలా?

చాలా మోడళ్ళలో రెండూ చివరికి చేరే వేడి ఒకటే, మరిగే స్థాయికి కాస్త కింద. 'హై' మీద అక్కడికి త్వరగా చేరుతుంది, 'లో' మీద నిదానంగా. ఈ కొలతకి 'లో' మీద ఆరు నుంచి ఎనిమిది గంటలు, 'హై' మీద మూడు నుంచి నాలుగు. ఆఫీసుకి వెళ్ళే రోజు 'లో', సెలవు రోజు 'హై'. కుండ సగానికి తక్కువా, మూడింట రెండు వంతులకి ఎక్కువా నింపకండి.

నిదానపు వంట మనకి కొత్త కాదు. మా నాయనమ్మ వాళ్ళింట్లో దాలిగుంటలో పిడకల సెగ మీద పాలు పొద్దంతా కాగేవి. ఎర్రటి మీగడ కట్టేది. కరెంటుతో నడిచే ఈ కుండకి 1940లో అమెరికాలో పేటెంట్ వచ్చింది. ఇర్వింగ్ నాక్సన్ అనే యూదు ఇంజినీర్, వాళ్ళమ్మ లిథువేనియాలో చూసిన వంట గురించి చెప్పిన కబుర్లు విని తయారుచేశాడు. శుక్రవారం సాయంత్రం బీన్స్, మాంసం ఉన్న కుండని రొట్టెల బట్టీలో పెడితే, అది చల్లారే వేడిలో మర్నాటికి ఉడికేది. 1971లో ఇదే క్రాక్‌పాట్ పేరుతో మార్కెట్లోకి వచ్చింది.

మధ్యలో మూత తీసి కలపొచ్చా?

తీయకండి. తీసిన ప్రతిసారీ పోయిన వేడి తిరిగి రావడానికి ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది.

నీళ్ళగా వస్తోంది, చిక్కబడటం లేదు.

స్లో కుక్కర్లో ఆవిరి బయటికి పోదు. పొయ్యి మీద చేసే కూర లెక్కన నీళ్ళు పోస్తే చారవుతుంది. నా కొలతలో మసూర్ పప్పు ఉన్నది ఇందుకే. అది కరిగిపోయి చిక్కదనం ఇస్తుంది, పప్పు వేశారని ఎవరికీ తెలియదు. అయినా పల్చగా ఉంటే గరిటెడు రాజ్మా మెదిపి కలపండి. లేదా ఒక టేబుల్ స్పూన్ మొక్కజొన్న పిండి, గట్కకి వాడే నూక కాదు మెత్తటి పిండి, చల్లటి నీళ్ళలో కలిపి పోసి, 'హై' మీద ఇరవై నిమిషాలు ఉంచండి.

ఉప్పు తగ్గిస్తే మా ఇంట్లో ఎవరూ తినడం లేదు.

మా మామగారు కూడా మొదటి రెండు వారాలు గిన్నె పక్కకి జరిపారు. ఆ తర్వాత నాకు పనికొచ్చినవి చెబుతాను. ఉప్పు ముందు వేయకుండా దించే ముందు వేయండి, అదే చెంచాడు ఉప్పు నాలుకకి బాగా తెలుస్తుంది. నిమ్మరసం కూడా అప్పుడే. జీలకర్రని కొన్న పొడి కాకుండా అప్పటికప్పుడు వేయించి దంచండి. పుట్టగొడుగులు, టమాటా పేస్ట్, ఎర్రగా వేగిన మాంసం, ఈ మూడూ ఉప్పు లేకుండానే నోరు నింపుతాయి. పైన సన్నగా తరిగిన పచ్చి ఉల్లిపాయ, కొత్తిమీర చల్లండి. ఒక్కసారిగా సగానికి తగ్గించకుండా వారం వారం కొంచెం తగ్గించండి. నెల రోజుల్లో నాలుక అలవాటు పడుతుంది. మామగారికి ఇప్పుడు బయట కొన్న చిల్లీ ఉప్పు కషాయంలా ఉందట.

లో-సోడియం ఉప్పు వాడదామనుకునేవాళ్ళు ఆగండి. అందులో సోడియం తగ్గించి పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకీ, కొన్ని రకాల బీపీ మందులు వాడేవాళ్ళకీ పొటాషియం పెరగడం ప్రమాదం. డాక్టర్ని అడక్కుండా మార్చకండి.

షుగర్ ఉన్నవాళ్ళు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు తినొచ్చా?

షుగర్ ఉన్నవాళ్ళకి బీన్స్‌లోని పీచు, ప్రొటీన్ వల్ల ఇది తెల్లన్నం మీద పప్పు పోసుకుని తినడం కంటే మెరుగు. బీన్స్‌లో పిండి పదార్థం ఉంటుంది కాబట్టి ఒక గిన్నెతో ఆపాలి, పక్కన అన్నం పెట్టుకోకూడదు. మా ఆయన చిల్లీ తిన్న రాత్రి వేరే ఏదీ తినరు.

కిడ్నీ జబ్బుకి పథ్యం చేస్తున్నవాళ్ళ సంగతి వేరు. టమాటా, బీన్స్ రెండింట్లోనూ పొటాషియం ఎక్కువ. వాళ్ళు తమ డాక్టర్‌నో డైటీషియన్‌నో అడిగే తినాలి.

గ్యాస్ పట్టేస్తుంది. ఏం చేయాలి?

నానిన నీళ్ళు, మొదట ఉడికిన నీళ్ళు రెండూ పారబోయండి. అలవాటు లేనివాళ్ళు మొదటిసారి అరగిన్నె తిని, వారం వారం పెంచుకోవాలి. నేను తాలింపులో ఇంగువ వేస్తాను. టెక్సాస్ వాళ్ళు ఎవరూ వేయరు, కానీ రుచికి ఏ లోటూ రాలేదు.

పిల్లలకి కారం లేకుండా ఎలా?

బ్యాడిగి ముద్ద వరకే వేసి వండండి. గుంటూరు కారం కుండలో వేయకుండా చెంచాడు వేడి నూనెలో కలిపి చిన్న గిన్నెలో బల్ల మీద పెట్టండి, కావలసినవాళ్ళు వేసుకుంటారు. పిల్లల గిన్నెలో పైన చెంచాడు గట్టి పెరుగు. ఇక్కడివాళ్ళు వేసే సోర్ క్రీమ్ బదులు పెద్దవాళ్ళకీ నేను పెరుగే వేస్తాను. చీజ్ తురుము వేస్తే ఉప్పు, కొవ్వు మళ్ళీ వెనక్కి వస్తాయి, అందుకని పండగకీ పబ్బానికే.

దేనితో తినాలి?

ఇక్కడ కార్న్ బ్రెడ్‌తో తింటారు. దుకాణంలో కొన్నవాటిలో చక్కెర ఎక్కువ. జొన్నరొట్టె దీనికి అద్భుతంగా కుదురుతుంది, వేడివేడి రొట్టె తుంచి చిల్లీలో ముంచుకుంటే ఇంకేమీ అక్కర్లేదు. కొర్రన్నం కూడా బాగుంటుంది. ఉత్తగా చెంచాతో తిన్నా కడుపు నిండుతుంది.

ఇండియాలో స్లో కుక్కర్ లేదు. అమెరికా నుంచి తెప్పించుకోమంటారా?

వద్దు. ఇక్కడివి 120 వోల్టులవి, అక్కడి 230 వోల్టుల ప్లగ్‌లో పెడితే కాలిపోతాయి. కొనాలనుకుంటే అక్కడి మోడలే కొనండి. కరెంటు పోయే ఊళ్ళో అయితే ఇంట్లో ఎవరూ లేనప్పుడు పెట్టకండి. మీరు లేనప్పుడు కరెంటు ఎంతసేపు పోయిందో తెలియకపోతే, చూడటానికి ఉడికినట్టున్నా ఆ వంట పారేయాల్సిందే.

అసలు లేకపోయినా నష్టం లేదు. రాజ్మా ప్రెషర్ కుక్కర్లో ఉడికించాక, మిగతాదంతా మందపాటి అడుగున్న గిన్నెలో వేసి, మూత పెట్టి, సన్నని మంట మీద గంటన్నర ఉంచండి. మధ్య మధ్య అడుగంటకుండా కలపాలి. మా వదిన మట్టికుండలో చేస్తుంది.

మిగిలినది ఎన్నాళ్ళు ఉంటుంది?

ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు, ఫ్రీజర్‌లో రెండు మూడు నెలలు. మర్నాడే ఎక్కువ రుచిగా ఉంటుంది. కుండని అలాగే ఫ్రిజ్‌లో పెట్టకండి. పింగాణీ కుండ వేడి పట్టి ఉంచుతుంది, మధ్యలో గంటల తరబడి చల్లారదు. లోతు తక్కువ డబ్బాల్లోకి సర్ది, ఆపేసిన రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టండి. మళ్ళీ వేడి చేసేది పొయ్యి మీదో మైక్రోవేవ్‌లోనో, కుతకుతలాడేదాకా. స్లో కుక్కర్లో వేడి చేయకూడదు, అది చాలా నెమ్మది. వేడి కుండలో చన్నీళ్ళు పోయకండి, పగులుతుంది.

చిల్లీలో ఆవకాయ నంజుకోవచ్చా?

ఈ ప్రశ్న ప్రతి తెలుగింటి నుంచీ వస్తుంది. రుచి అంటారా, అమోఘంగా ఉంటుంది. ఉప్పు అంటారా, అంత శ్రమపడి తగ్గించినదంతా ఒక్క ముక్కతో తిరిగి వచ్చేస్తుంది. మామగారికి నేను ఉల్లిపాయ చక్రాలు నిమ్మరసంలో గంటసేపు నానబెట్టి, పైన చిటికెడు కారం చల్లి ఇస్తాను. పులుపు, ఘాటు రెండూ ఉంటాయి కాబట్టి చాలావరకు సరిపెట్టుకుంటారు. ఆదివారం మాత్రం ఒక చిన్న ముక్క ఆవకాయ వేస్తాను. ఆ రోజు ఆయన గిన్నె, ఉప్పు కలపకముందే తీసి పక్కన పెడతాను.